ఏడు రాష్ట్రాల అత్త

పోయిన నెలలో ఒక ఉదయం చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి మా గుమ్మం దగ్గరికి వచ్చింది. ప్రజల జీవన ప్రమాణం మీద సర్వే అని చెప్పింది. ఇంట్లో ఎందరున్నారు, నెల ఖర్చు ఎంత, తాగునీరు ఎక్కడిది అని వరుసగా అడిగి, చివరికి హిందీలో ఒక ప్రశ్న వేసింది: ఈ రాష్ట్రంలో జీవించడం పట్ల మీ తృప్తికి పదింటికి ఎన్ని మార్కులు వేస్తారు?

నేను ముప్పై నాలుగేళ్లు భిలాయి ఉక్కు ప్లాంటులో కొలత పరికరాలను సరిచూసే విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొలబద్ద చూపకుండా కొలత అడిగితే నాకు జవాబు రాదు. సున్నా అంటే ఏ స్థితి, పది అంటే ఏ స్థితి అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "మన్ సే బోల్ దీజియే అంకుల్" అంది, మనసుకు తోచింది చెప్పేయమని. లోపలినుంచి నా భార్య, "ఆఠ్ లిఖ్ లో బేటీ, ఇన్‌సే పూఛోగీ తో శామ్ హో జాయేగీ" అని కేక వేసింది. ఆయన్ని అడిగితే సాయంత్రమవుతుందని. అమ్మాయి ఎనిమిది నొక్కి పక్కింటికి వెళ్లిపోయింది.

ఆ రోజంతా నాకు నవ్వు ఆగలేదు. ఇదే ప్రశ్న ఏడు రాష్ట్రాల అత్తను అడిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకున్నాను. ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చేతికి టీ గ్లాసు ఇచ్చేది. నీది ఏ ఊరు, ఇక్కడ ఎక్కడ అద్దెకుంటున్నావు, ఇంటావిడ స్నానానికి వేణ్ణీళ్లు కాచుకోనిస్తుందా, జ్వరమొస్తే అన్నం ఎవరు పెడతారు అని ఆవిడే సర్వే మొదలుపెట్టేది. పావుగంట గడిచేసరికి మార్కులు వేయవలసినది ఎవరో ఆ అమ్మాయికే అర్థమయ్యేది కాదు.

ఆవిడ పోయి రెండు వానాకాలాలు గడిచాయి. పేరు రాయను. రాసినా ఆవిడ ఉన్న ఖుర్సీపార్ బస్తీలో గుర్తుపట్టేవాళ్లు తక్కువ. తెలుగువాళ్లకు ఆవిడ అత్త, హిందీవాళ్లకు బువా. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అత్తా అనే పిలిచేవారు. ఆ వరస ఎలా కుదిరిందని ఎవరూ అడగలేదు.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టింది. భర్త రిగ్గర్. కడుతున్న ఉక్కు కర్మాగారంలో టన్నుల బరువున్న యంత్రాలను తాళ్లతో, కప్పీలతో ఎత్తి వాటి చోట వాటిని నిలబెట్టే పని. యంత్రాలన్నీ నిలబడ్డాక రిగ్గర్‌తో అక్కడ అవసరం తీరిపోతుంది. మరో రాష్ట్రంలో మరో కర్మాగారం మొదలవుతుంది. అలా ఆ దంపతులు ఒక ట్రంకుపెట్టె, ఒక రుబ్బురోలు వెంటబెట్టుకుని రూర్కెలా, బొకారో, దుర్గాపూర్, సేలం తిరిగి, చివరికి భిలాయిలో ఆగారు.

"ఏడు రాష్ట్రాల్లో కాపరం సేసినదాన్ని" అనేది ఆవిడ. ఒకరోజు నేను లెక్కవేసి చూస్తే రాష్ట్రాలు ఆరే తేలాయి.

"అత్తా, ఆంధ్ర, ఒడిశా, బీహారు, బెంగాలు, తమిళనాడు, ఇది. ఆరే కదా?"

"ఇది రెండు బాబూ. మేం వచ్చినప్పుడు మధ్యప్రదేశ్. ఒకరోజు పొయ్యి మీద పప్పెట్టి రేడియో ఇంటన్నాను, ఈయాల నుంచి ఛత్తీస్‌గఢ్ అన్నారు. నాను గుమ్మం దిగనేదు, రాష్ట్రమే మారిపోనాది."

"మరి మీకేమైనా తేడా తెలిసిందా?"

"పప్పు రోజూ ఉడికినట్టే ఉడికినాది."

పొట్టి మనిషి. ముక్కు మీద నిలవని కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. తెలివితక్కువ మాట వినిపించినప్పుడు ఎదుటి మనిషిని ఏమీ అనేది కాదు. కళ్లద్దాలు తీసి చీరచెంగుతో నిదానంగా తుడుచుకునేది. నేను వెళ్లినప్పుడల్లా ఆ అద్దాలు తళతళలాడేవి.

ప్లాంటులో ఉద్యోగం ముగిసినవాడు కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాలి. అంతవరకు అతనికి ఇల్లనే ఆలోచన ఉండదు; ఉన్నట్టుండి దేశం మొత్తం ఎదుట పరుచుకుంటుంది. విశాఖపట్నమా, విజయనగరమా, కూతురున్న హైదరాబాదా, రాయపూరా, ఇక్కడేనా. ఆ ప్రశ్నతో, కంపెనీ క్వార్టర్లుండే సెక్టర్లనుంచి స్కూటర్ల మీద, సైకిళ్ల మీద మనుషులు ఖుర్సీపార్‌లోని ఆవిడ అరుగు మీదికి వచ్చేవారు. ఆవిడకు అదొక వృత్తి కాదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. కాని వచ్చినవాణ్ణి అడగవలసినవన్నీ అడగకుండా లేవనిచ్చేది కాదు.

కిలో బియ్యం ధర, ఇంటద్దె, బస్సు టికెట్ అంటూ ఎవరైనా మొదలుపెడితే చివరిదాకా వినేది. విని, "అది ధర. పొద్దెలగ గడుస్తాదో సెప్పు" అనేది. ఎదుటివాడు ఇంకో ధర చెప్పేవాడు. "అదీ ధరే" అనేది.

ఊరిని కొలవడానికి ఆవిడకు తన సొంత పరికరాలు ఉండేవి. ఒకటి కొత్తిమీర. కూరగాయలు కొన్నాక అడగకుండానే సంచిలో రెండు రెబ్బలు పడితే అది ఒక రకం ఊరు. అడిగితే పడితే ఇంకో రకం. కట్టకు ధర చెబితే మూడో రకం. మొదట విన్నప్పుడు నాకు హాస్యంగా తోచింది. తరువాత ఆలోచిస్తే, అమ్మేవాడికి ఆ వీధిలో రేపు కూడా ఉంటానన్న నమ్మకం ఎంతుందో ఆ రెండు రెబ్బలు చెబుతాయని అర్థమైంది. అంత తేలికైన పరికరం మా ప్రయోగశాలలో ఒక్కటీ లేదు.

రెండోది దారి అడగడం. కొత్త ఊళ్లో దిగగానే, తను ముందే దారి తెలుసుకున్న చోటికే మళ్లీ దారి అడిగేది. ఒకడు చెబుతుండగా రెండోవాడు వచ్చి "అటు కాదు, ఇటు దగ్గర" అని తగువు పెట్టుకుంటే ఆవిడకు ఆ ఊరు నచ్చేది. దుర్గాపూర్‌లో నలుగురు తగువులాడుకుని చివరికి తనను ఇంటిదాకా దిగబెట్టారని గర్వంగా చెప్పేది.

బొకారో సంగతి ఎత్తితే మాత్రం స్వరం మారేది. పెద్దకొడుకు అక్కడ పుట్టాడు. భర్త షిఫ్టుల్లో ఉన్నాడు, పుట్టింటివాళ్లు రాలేకపోయారు. పక్క గదిలో ఉన్న బీహారీ ఇల్లాలికి తెలుగు రాదు, ఈవిడకు అప్పటికి హిందీ రాదు. ఆ మనిషి పదకొండు రోజులు వండిపెట్టింది.

"ఒక్క ముక్క మాటాడుకోనేదు. ఆవిడ సెయ్యి ఊపితే నాను తలూపడం. మొదటి రోజు కూరలో ఆవనూనె ఏసినాది. నాను మొగం అదోలా పెట్టినాను. రెండో రోజు నుంచి ఎయ్యనేదు. దానికి నువ్వెన్ని మార్కులేస్తావు బాబూ?"

ఆవిడ తీర్పులు అన్నీ సరైనవేనని చెప్పలేను. రాయపూర్‌ను ఆవిడ ఎన్నడూ ఒప్పుకోలేదు. కారణం వెతికితే, ఎప్పుడో మోకాళ్ల నొప్పితో వెళ్లినప్పుడు ఆటోవాడు స్టేషన్‌కు అటువైపు దించేశాడట. మెట్లెక్కి దిగవలసి వచ్చింది. ఒక్క ఆటోవాణ్ణి చూసి అంత పెద్ద ఊరిని కొట్టేయడం న్యాయం కాదన్నాను. "ఊరు పెద్దదే. నాకు కనిపించినాది మెట్లే" అంది. ఆ విషయంలో ఎన్ని ఆధారాలు చూపినా ఆవిడ దిద్దుకోలేదు. పాకెట్లలో ఇడ్లీపిండి అమ్మే ఊళ్లన్నిటి మీదా కూడా ఆవిడకు అనుమానమే.

నా వంతు వచ్చింది. ఉద్యోగం ముగియడానికి మూడు నెలలుంది. సెక్టర్ 6లో మా క్వార్టర్. మాకు వచ్చే సొమ్ము ఒకే ఒక్క ఇంటికి సరిపోతుంది. తప్పు ఇల్లు కొంటే అమ్మి మరొకటి కొనుక్కునే ఓపికా, వయసూ లేవు. నా భార్యది విజయనగరం దగ్గర పల్లె. విశాఖపట్నం వెళ్దామని ఆమె పట్టు. "ముప్పై ఏళ్లుగా హిందీలో బేరమాడి ఓడిపోతున్నాను. మిగిలిన రోజులైనా నా భాషలో వంకాయలు కొనుక్కోనివ్వండి" అనేది. నాకు భిలాయి కదలడం ఇష్టం లేదు. ఆమె అక్క కొడుకు విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటులో ఫ్లాటు చూసి పెట్టాడు. అమ్మేవాళ్లకు రెండు నెలల్లో జవాబు చెప్పాలి.

ఇద్దరి మధ్య మాట పెరిగేసరికి నేను ఒక పట్టిక తయారుచేశాను. రెండు నిలువు వరుసలు: ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్. ఇరవై మూడు అంశాలు. ఒక్కొక్కదానికీ దాని ప్రాముఖ్యాన్ని బట్టి ఒక గుణకం. ఖర్చులకు రెండు చోట్లా ధరలు సేకరించాను, గాలికి, నీడకు, నిశ్శబ్దానికి మార్కులు వేశాను. ఛత్తీస్‌గఢ్ చాలా తేడాతో గెలిచింది. లెక్కలో పొరపాటు ఉందేమోనని మూడుసార్లు సరిచూశాను, లేదు. నా భార్య కాగితం చూసి, "మీరు రాస్తే మీరే గెలుస్తారు" అంది. అయితే అత్తను అడుగుదాం అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున వెళ్లాం. అత్త డాబా మీద మంచం వాల్చి, దాని మీద పాత చీర పరిచి, బూడిదగుమ్మడి వడియాలు పెడుతోంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ సాయం చేస్తోంది. వాళ్లు వాటిని రఖియా బడీ అంటారు. ఇంగువ వేయాలా వద్దా అన్న ఒక్క విషయంలో తప్ప ఇద్దరికీ తేడా లేదు, ఆ తగువు మేము వెళ్లేసరికి నడుస్తోంది.

"సదువు బాబూ. నా సేతులకి పిండుంది."

చదివాను. మొదటి అంశం నీళ్లు.

"ఇక్కడెంత రాసినావు?"

"సున్నా. క్వార్టర్‌లో నీళ్లకు బిల్లు లేదు."

"అద్దె?"

"జీతంలో నామమాత్రపు కోత. దాదాపు సున్నా."

"కరెంటు?"

"అది కూడా అక్కడి రేటులో చిన్న భాగమే."

"నీడ?"

"వీధి పొడుగునా చెట్లున్నాయి. తొమ్మిది మార్కులు. అక్కడ నాలుగు."

ఆవిడ చేతులు పిండిలో ఉన్నాయి. నా భార్య వైపు తిరిగి, "అమ్మీ, నా కళ్లద్దాలు తీసి కొంచెం తుడువు" అంది. నా భార్య ఎంతో శ్రద్ధగా తుడిచింది. అంత సంతోషంగా ఆమె ఏ పనీ చేయగా నేను చూడలేదు.

"ఈ సున్నాలన్నీ ఎవులిచ్చినారు బాబూ?"

"కంపెనీ."

"సెట్లెవులేసినారు?"

"కంపెనీయే."

"మూడు నెల్లకి క్వార్టర్ తాళం ఆలకిచ్చీసినాక?"

నేను కాగితం వైపు చూశాను.

"నువ్వు రాసినాది ఛత్తీస్‌గఢ్ కాదు. కంపెనీని రాసినావు. ముప్పైనాలుగేళ్ల నుంచి ఇక్కడున్నాననుకుంటన్నావు గాని, ఈ రాష్ట్రంలో నువ్వొక్క రోజు కూడా ఉండనేదు బాబూ."

పక్కింటి ఆవిడకు తెలుగు రాకపోయినా ఏదో జరిగిందని గ్రహించి, "కా హోగే బువా?" అని అడిగింది, ఏమైందని. అత్త ఛత్తీస్‌గఢీలో నా సున్నాల సంగతి వివరించింది. అది విని పక్కింటావిడ నవ్వింది.

తరాజు పళ్లెంలో ఏమీ లేనప్పుడే ముల్లు సున్నా దగ్గర లేకపోతే, తరువాత అది చూపే ప్రతి అంకె తప్పే. ముందు ఆ దోషాన్ని సరిచేశాకే మిగతా పరీక్షలు. మూడు దశాబ్దాలకు పైగా ఇతరుల పరికరాలలో నేను పట్టుకున్న దోషం అదే. అది నా పట్టికలోనే ఉంది, మూడుసార్లు సరిచూసినా కనబడలేదు. సెక్టర్ల వాళ్లందరూ చేసే పొరపాటే ఇదని ఆవిడ ఓదార్చింది. ఊరు మారినవాళ్లు మొదటి నీళ్ల బిల్లు చూసి ఆ రాష్ట్రమే దోచుకుంటోందని ఉత్తరాలు రాసేవారట.

తరువాత మాకు ఒక పద్ధతి చెప్పింది. అక్కడ పది రోజులు, ఇక్కడ పది రోజులు. రెండు చోట్లా అద్దెగది. వండుకోవాలి. చుట్టాలింటికి వెళ్లకూడదు. ఖుర్సీపార్‌లో ఉన్న పది రోజులూ క్వార్టర్ వైపు స్నానానికైనా వెళ్లకూడదు.

"మా అక్క ఇంటికి కూడానా అత్తా?" అని నా భార్య అడిగింది.

"ఆలింటికెల్తే ఆల కాపరం సూస్తావు. నీది సూడవు."

పదే రోజులు ఎందుకని నేను అడిగాను.

"మొదటి మూడు రోజులు ఊరు కొత్త, అన్నీ బాగుంటాయి. ఆకరి మూడు రోజులు ఎల్లిపోతాం గదా అని అన్నీ ఓర్చుకుంటావు. నడుమ నాలుగు రోజులే లెక్క."

పరికరం స్థిరపడేదాకా వచ్చే అంకెలను, చివర వచ్చే అంకెలను వదిలేసి నడుమ వాటినే తీసుకోవాలని నేను కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. ఆ మాటతో నాకు ఇక వాదించడానికేమీ మిగలలేదు.

సెలవు పెట్టి ముందు విశాఖపట్నం వెళ్లాం. మాకు చూపిన ఫ్లాటు ఉన్న అపార్ట్‌మెంటులోనే నాలుగో అంతస్తులో పది రోజులకు గది దొరికింది. నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తున్నాయి. లిఫ్టు ఆగిన దాఖలా లేదు. సాయంత్రం సముద్రపు గాలి కిటికీలోనుంచి వచ్చి గోడమీది క్యాలెండరును ఎగరవేసేది. ఐదో రోజుకు నేను మనసులో భిలాయిని వదులుకోవడం మొదలుపెట్టాను. నా భార్య మాత్రం ఐదో రోజుకు తలుపులు లెక్కపెడుతోంది. మా అంతస్తు వసారాలో ఆరు తలుపులు. ఆరూ మూసే ఉండేవి. వంకాయలు కింద సూపర్ మార్కెట్‌లో అమ్ముతారు, ఒక్కొక్క పొట్లానికీ ధర అంటించి ఉంటుంది. ఆమె పొట్లం పట్టుకుని బిల్లు వేసే అమ్మాయితో, "కొంచెం తగ్గించవూ" అంది. అమ్మాయి అర్థం కానట్టు చూసి, మిషను వైపు చూపించింది. ముప్పై ఏళ్లు దాచుకున్న బేరం వినేవాళ్లు లేక అలాగే మిగిలిపోయింది. పొరపాటు ఆ నగరానిది కాదు. మాకు దొరికిన వసారాది. కాని కొనవలసినది ఆ వసారాలోనే.

తిరిగి వచ్చి ఖుర్సీపార్‌లో అత్త ఇంటి మేడగదిలో దిగాం. కుళాయి తెల్లవారాక గంటసేపు వస్తుంది. లైనులో బకెట్లు మనుషులకన్నా ముందు లేచి నిలబడతాయి. పెద్దరోడ్డు మీద లారీలు ఆగవు. కిటికీ చట్రం మీద రోజూ ఉదయం తుడిచిన దుమ్ము మధ్యాహ్నానికి మళ్లీ పేరుకునేది. ఒక్క చెట్టు నీడ లేదు. నేను ఫిర్యాదులు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. నాలుగో రోజుకు తొమ్మిదయ్యాయి.

ఆరో రోజు పొద్దున ఆ పుస్తకం ముందు కూర్చుని ఉండగా వీధిలోనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటీ, ఈ పుచ్చొంకాయలకా అంత? నిన్న ఎవులికిచ్చినావు ఆ ధరకి? ఆల ఇల్లు సూపించు, ఎల్లి అడుగుతాను."

ఖుర్సీపార్‌లో ఉత్తరాంధ్రనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది; తోపుడుబండి మనిషీ వాళ్లలో ఒకడే, తగ్గలేదు. "ఓలప్పా, మీ ఊరి పక్కూరోడినే నాను, నన్నే దొంగంటావేటి?"

"పక్కూరోళ్లే గదా దొంగలు."

బండి చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఇంత బాగా దెబ్బలాడుతున్న మనిషి ఎవరా అని కిటికీలోనుంచి తొంగిచూశాను. నా భార్య. సంచిలో రెండు కొత్తిమీర రెబ్బలు కనిపిస్తున్నాయి.

నాకు తెలిసిన ఆమె మాట అది కాదు. పైకి వచ్చాక అడిగాను. కాపురానికి వచ్చిన కొత్తలో, సెక్టర్‌లో ఇరుగుపొరుగు మన కోస్తా వాళ్లే అయినా, 'ఏటి' అన్నప్పుడల్లా నవ్వేవారట. ఆరు నెలల్లో ఆ మాటలన్నీ మార్చేసుకుంది. నేను గోదావరి వైపు వాణ్ణి. ఆమె మొదటినుంచీ నాలాగే మాట్లాడుతుందనుకున్నాను. ఆమె బాధపడుతూ చెప్పలేదు. వంకాయలు చేటలో పోసుకుని, "ఎంత తగ్గించానో తెలుసా?" అని అడిగింది.

పదో రోజుకు విచిత్రమైన ఫలితం తేలింది. ఉండిపోదామన్న నేను విశాఖపట్నం అంటున్నాను. వెళ్లిపోదామన్న ఆమె ఖుర్సీపార్ అంటోంది. మునుపటికన్నా గట్టిగా పోట్లాడుకున్నాం, ఎదుటివాళ్ల పాత వాదనలనే ఎత్తుకుని. మెట్లు దిగి అత్త దగ్గరికి వెళ్లాం. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. విషయం విని చాలాసేపు నవ్వింది.

"ఒకలు గెలిస్తే ఒకలు ఏడుస్తారేమోనని బయపడ్డాను. ఇద్దరూ మారిపోనారేటి?"

నా పుస్తకం తీయమంది. నిలువుగా ఒక గీత గీయించింది. డబ్బు పెడితే తీరేవి ఒక పక్క, పెట్టినా తీరనివి ఇంకో పక్క.

"దుమ్ము?"

"కిటికీకి జాలీ వేయించవచ్చు."

"నీళ్లు?"

"తొట్టి కట్టించి మోటారు పెడితే..."

"వేడి?"

"కూలరు. డాబా మీద సున్నం."

తొమ్మిదీ ఎడమపక్కకే పోయాయి. ప్రతిదానికీ పరిష్కారం చెబుతున్నది నేనే. ఇంజనీరుగా అడ్డుకోలేని అలవాటు; ఎవరైనా లోపం చెబితే చేతులు ఊరుకోవు.

"అమ్మీ, నువ్వు సెప్పు."

"సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే మాట్లాడేవాళ్లున్నారు" అంది నా భార్య. "బేరమాడితే తిరిగి బేరమాడతారు" అంది. మూడోది చెప్పడానికి మొహమాటపడి, చివరికి, "నా మాట నాను మాటాడతన్నాను" అంది.

మూడూ కుడిపక్కన రాశాను. అప్పుడు నాకు ఒక ఆధారం దొరికింది.

"సముద్రపు గాలి కూడా డబ్బుతో రాదు అత్తా. అది కూడా కుడిపక్కే."

"రాయి. అబద్దం ఎందుకు, ఆ గాలి మనం కొననేం." న్యాయంగా ఒప్పుకుని, బియ్యంలో ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "పది రోజుల్లో ఎన్నిపాలెల్లినావు ఒడ్డుకి?"

"రెండుసార్లు."

"ఈ అమ్మీ గుమ్మంలో ఎన్నిపాలు కూకుంది?"

నేను పుస్తకంలో ఎనిమిదో ఫిర్యాదు చూపించాను. రోజూ సాయంత్రం ఐదున్నరకు ఆమె దిగి వెళ్లడం, ఏడుకు పైకి రావడం నేనే పుస్తకంలో రాసిపెట్టుకున్నాను, భోజనం ఆలస్యమవుతోందన్న ఎనిమిదో ఫిర్యాదు కింద.

"ఆ ఎనిమిదోది ఎడమపక్కనుంచి కొట్టీ బాబూ" అంది అత్త. "అది పిరియాదు కాదు."

కొట్టేశాను. నా పట్టికలో నేను ఓడిపోవడం అదే మొదటిసారి. ఆశ్చర్యమేమిటంటే, ఆ ఓటమి నాకు చాలా తేలికగా అనిపించింది. ఆ సాయంత్రమే ఫ్లాటు వాళ్లకు వద్దని చెప్పేశాను.

మర్నాడు పొద్దున అత్త వచ్చి తలుపు తట్టింది. మూడో లైనులో ఒక ఇల్లు అమ్మకానికి ఉందట. ఆవిడ ముందు, ఆవిడ వెనక నా భార్య, ఆ వెనక టేపు పట్టుకుని నేను. ఇంటి యజమాని తాళం తీశాడు. నేను లోపలికి వెళ్లి పునాదికి నెమ్ము ఉందా, గోడలు నిలువుగా ఉన్నాయా అని చూడడం మొదలుపెట్టాను. అత్త గుమ్మం దాటలేదు.

"లోపలికి రావా అత్తా?"

"ఇల్లు నువ్వు సూసుకో బాబూ. నాను పక్కింటోళ్లని సూస్తాను."

పక్కింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. నేను ముందుగది పొడవు తీసుకున్నాను, వెడల్పు తీసుకున్నాను. వంటగది దగ్గరికి వెళ్లి రెండో కొస పట్టుకోమని భార్యను పిలిచాను. పలకలేదు. ఆమె ఎప్పుడు బయటికి వెళ్లిందో నేను చూడలేదు. పక్కింటి అరుగు మీదనుంచి ముగ్గురి నవ్వు వినిపించింది. అందులో ఆమెది కూడా ఉంది.

వంటగది కొలవకుండానే టేపు చుట్టేశాను.